హాల్లో టీవీ రాసుకునే చిట్టా

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. సభలో వచ్చిన ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అండీ? సరే, ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి హోరు వస్తోంది.

పోయినసారి ఇక్కడ ఫోన్ మోసాల గురించి మాట్లాడుకున్నాం. సభ అయ్యాక ఒక అమ్మగారు మెట్ల దగ్గర నన్ను ఆపారు. "ఫోన్ సంగతి సరే బాబూ, మా టీవీ ఆన్ చేస్తే చాలు, ముందు ఎవడిదో ప్రకటన. డబ్బులు పోసి కొన్నది మేమే కదా!" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. ఇవాళ్టి మాటలన్నీ ఆవిడ కోసమే. వచ్చారా? ఆ, అక్కడున్నారు. సంతోషం అమ్మా.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేను ముప్పై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో పిల్లలకు నెట్‌వర్కుల పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక ఖాళీ దొరికి, ఇంట్లో ఒక బుల్లి కంప్యూటర్ పెట్టుకున్నాను. అరచేతిలో పడుతుంది, రాస్ప్‌బెర్రీ పై అంటారు. దాంట్లో పై-హోల్ అనే ఉచిత ప్రోగ్రాం వేశాను. ఇంట్లో ఏ ఫోను, ఏ కంప్యూటరు, ఏ టీవీ ఇంటర్నెట్‌లో ఏ చిరునామా అడిగినా అది టైముతో సహా రాసిపెడుతుంది. లోపల ఏం సమాచారం పోతోందో కనబడదు, ఎవరు ఎవరి గడప తొక్కుతున్నారో మాత్రం కనబడుతుంది.

నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. హాల్లో టీవీ ఎక్కువగా ఆవిడదే. ఒకరోజు ఆ చిట్టా తిరగేస్తుంటే మా టీవీ పేరు పేజీలకు పేజీలు ఉంది. పగలు టీవీ కట్టేసి ఉన్నప్పుడు అక్కడొక వరస, ఇక్కడొక వరస. సాయంత్రం సీరియళ్ళ టైములో చిక్కగా. అదీ బాగానే ఉంది. కానీ రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా కూడా అంతే చిక్కగా ఉన్నాయి వరసలు. ఒక్క రోజు కాదు, రోజూ. ఆ టైములో టీవీ ఎవరు పెడుతున్నారు?

అమ్మ. నిద్ర పట్టక లేచి, మాకు మెలకువ వస్తుందని సౌండు పూర్తిగా తగ్గించి, తిరుమల భక్తి చానల్ పెట్టుకుని కూర్చునేది. మాకు చెప్పలేదు. చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామని భయం. పక్క గదిలో పడుకున్న కొడుకుని, నాకు తెలియలేదు. ఊరూపేరూ తెలియని ఎక్కడి సర్వర్‌కో మాత్రం రోజూ రాత్రి కబురు వెళ్తోంది, ఈ ఇంట్లో ఒకరు మేలుకుని ఉన్నారు అని. ఆ రోజు నాకు కలిగిన బాధే ఇవాళ నన్ను మీ ముందు నిలబెట్టింది. ఒక పెద్దావిడ నిద్రలేమి ఆవిడ సొంత సంగతి. పంచుకుంటే ఇంటివాళ్ళతో పంచుకుంటుంది. దాన్ని టీవీ మోసుకుపోవడం ఏమిటి?

దీనికి మేము ఎప్పుడు ఒప్పుకున్నాం అని ఆలోచించాను. టీవీ వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇన్‌స్టలేషన్ కుర్రాడు వచ్చాడు. గోడకి స్టాండు కొట్టాడు, టీవీ తగిలించాడు, వైఫై పాస్‌వర్డ్ అడిగాడు. తర్వాత రిమోట్ పట్టుకుని టకటకా నొక్కుకుంటూ పోయాడు. తెర నిండా చీమల్లాంటి అక్షరాలు వచ్చాయి. "అదేంటి బాబూ" అంటే "ఏం లేదు సార్, అగ్రీ ఆల్ కొట్టాలి, లేకపోతే ముందుకెళ్ళదు" అన్నాడు. కొట్టేశాడు. కుర్రాడి తప్పు కాదు, ఆ పూట ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. కానీ ఆలోచించండి. మా ఇంటి తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టింది మా ఇంట్లో అరగంట ఉన్న మనిషి. మీలో ఎంతమంది ఆ తెర మీరే చదివి నొక్కారు? చేతులెత్తండి. ఒక్కరు... ఇద్దరు. ఇంత సభలో ఇద్దరు.

ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఎక్కువ సాంకేతికంలోకి పోను. రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడతాం కదా. మిషను మన చెయ్యి మొత్తం పంపదు. వేలిముద్రలోని గీతల్ని అంకెలుగా మార్చి పంపితే, ఆధార్ వాళ్ళ దగ్గర దాచి ఉన్న ముద్రతో సరిపోలుస్తారు. టీవీలోనూ ఇదే పద్ధతి. తెర మీద కదిలే బొమ్మని, వచ్చే శబ్దాన్ని క్షణక్షణం పట్టుకుని, దానికొక ముద్ర తయారుచేసి పంపుతుంది. అక్కడ వేల సినిమాలు, చానళ్ళు, ప్రకటనల ముద్రలు ముందే ఉంటాయి. సరిపోయిందా, ఈ ఇంట్లో ఫలానా టైముకి ఫలానా కార్యక్రమం అని తేలిపోతుంది. దీన్ని ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ అంటారు. ఏసీఆర్ అని పొట్టిపేరు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "మేము కేబులే చూస్తాం, యూట్యూబ్ జోలికే పోం, మాకేంటి" అంటారు. ఏసీఆర్ చూసేది తెరని. ఆ బొమ్మ సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చిందా, మనవడు హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించిన ల్యాప్‌టాప్ నుంచి వచ్చిందా అన్నది దానికి అక్కర్లేదు. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, మాడ్రిడ్‌లోని కార్లోస్ మూడో విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి బ్రిటన్‌లోను, అమెరికాలోను శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల్ని పరీక్షించారు. ఎల్‌జీ టీవీ 15 సెకన్లకోసారి, శామ్‌సంగ్ టీవీ నిమిషానికోసారి ముద్రలు పంపాయి. మామూలు చానళ్ళు చూస్తున్నప్పుడూ పంపాయి, హెచ్‌డీఎంఐకి వేరే పరికరం తగిలించి వాడుతున్నప్పుడూ పంపాయి. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ లాంటి యాప్‌లు నడుస్తున్నప్పుడు పంపలేదు. మన ఇళ్ళల్లో టీవీ వాడకం ఎక్కువ భాగం సెట్‌టాప్ బాక్సే కదా. అదీ ఎక్కువగా హెచ్‌డీఎంఐ వైరు మీదే వస్తుంది.

ఆ పరిశోధనలోనే ఇంకొక మాట ఉంది. ఇవాళ మీరు ఇంటికి పట్టుకెళ్ళాల్సింది అదే. సెట్టింగుల్లో ఆ అనుమతులన్నీ తీసేశాక, ఆ రాకపోకలు ఆగిపోయాయి. అంటే మీట పనిచేస్తుంది. "ఎలాగూ అన్నీ వాళ్ళకు తెలుసు, మనమేం చేయగలం" అనుకోనక్కర్లేదు. రిమోట్‌తో ఒక పావుగంట పని.

మరి మనకి ఆ మీట ఎందుకు దొరకదు? పేర్ల వల్ల. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ ఉంది. 2014 నుంచి అక్కడ 1 కోటి 10 లక్షల టీవీల్లో ఈ పని చేసింది. చూసినదాన్ని సెకను సెకనుకీ సేకరించింది. ఆ ఇంట్లోవాళ్ళ వయసు, ఆదాయం, పెళ్ళయిందా లేదా, సొంతిల్లా కాదా లాంటి వివరాలతో జతచేయడానికి వీలుగా ఇతర కంపెనీలకు అమ్మింది. దాన్ని నడిపిన సెట్టింగ్ పేరేమిటో తెలుసా? స్మార్ట్ ఇంటరాక్టివిటీ. కార్యక్రమాల సూచనలు ఇస్తుందని కింద వివరణ. చదివిన మనిషికి అది ఆపాలని ఎందుకనిపిస్తుంది? 2017 ఫిబ్రవరిలో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెడితే 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. లెక్క కడితే టీవీకి 20 సెంట్లు పడుతుంది. 2021లో అదే కంపెనీ మూడు నెలల లెక్కలు చూపిస్తే, టీవీలు అమ్మిన లాభం కన్నా ప్రకటనలు, సమాచారం మీద వచ్చిన లాభం రెట్టింపుకు పైగా ఉంది. టీవీలు ఇంత చవగ్గా ఎలా వస్తున్నాయని మీరు అడుగుతుంటారు. అందులో కొంత జవాబు ఇక్కడుంది.

ఇంకో పాత కథ చెప్పనివ్వండి. మనకి వీసీపీలు అద్దెకు తెచ్చుకునే రోజులు గుర్తున్నాయి కదా? శనివారం రాత్రి టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు రిక్షాలో వేసుకొచ్చి తెల్లవార్లూ చూసేవాళ్ళం. షాపువాడి దగ్గర నోటుబుక్కు ఉండేది. ఎవరు ఏ క్యాసెట్ పట్టుకెళ్ళారో అందులో రాసుకునేవాడు. అమెరికాలోనూ అంతే. 1987లో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిగారిని సుప్రీంకోర్టుకి ప్రతిపాదించారు. వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక ఆయన వీడియో షాపు ఖాతా సంపాదించి అచ్చేసింది, 146 క్యాసెట్ల జాబితా. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా పార్టీలకు అతీతంగా అక్కడి చట్టసభ సభ్యులంతా ఉలిక్కిపడ్డారు. రేపు మన జాబితా వస్తేనో? మరుసటి ఏడాదికల్లా, 1988లో, వీడియో అద్దె వివరాలు బయటపెట్టకూడదని చట్టం తెచ్చేశారు. ఒక్క మనిషి, ఒక్క షాపు, ఒక్క నోటుబుక్కు. దానికే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ నోటుబుక్కు ప్రతి హాల్లోనూ గోడకు వేలాడుతోంది.

మన గ్రంథాలయం సంగతే చూడండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో మన లైబ్రేరియన్ గారికి తెలుసు. ఆయన ఏనాడైనా ఫలానావారు మందుల పుస్తకం తీసుకెళ్ళారు, ఇంట్లో ఎవరికో బాగా లేనట్టుంది అని మందుల షాపుకి చెప్పారా? చెప్పరు. ఆ మర్యాద మనకు కొత్త కాదు. టీవీ దగ్గరా అదే అడుగుతున్నాం.

చట్టం మాట రెండే ముక్కల్లో. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. 2012లో కేసు వేసేనాటికి ఆయన వయసు 86. ఇక్కడున్న పెన్షనర్లకు ఆ అంకె ప్రత్యేకంగా చెప్తున్నాను. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. అవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. సమ్మతి అనేది స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం అంటుంది. మా ఇన్‌స్టలేషన్ కుర్రాడి వేలు అందులో ఎక్కడ ఇముడుతుందో మీరే చెప్పండి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2025 డిసెంబరులో సోనీ, శామ్‌సంగ్, ఎల్‌జీ, హైసెన్స్, టీసీఎల్ కంపెనీల మీద ఈ విషయంలోనే దావా వేసింది. కోర్టులు వాటి పని చేసుకుంటాయి. మనం రిమోట్ పట్టుకుందాం.

పెన్నులు తీయండి. మోడల్ని బట్టి మెనూ దారి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకని దారికన్నా మీట పేరు గుర్తుపెట్టుకోండి.

శామ్‌సంగ్ వాళ్ళు సెట్టింగ్స్‌లో టర్మ్స్ అండ్ ప్రైవసీ అనేచోటికి వెళ్ళండి. అందులో ప్రైవసీ చాయిసెస్. అక్కడ వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ అని ఉంటుంది, దాని పక్క టిక్కు తీసేయండి. ఏసీఆర్ అదే. ఇంటరెస్ట్ బేస్డ్ అడ్వర్టైజ్‌మెంట్ టిక్కు కూడా తీసేయండి.

ఎల్‌జీ వాళ్ళకి దాని పేరు లైవ్ ప్లస్. ఎంత బాగుందో చూడండి పేరు, ఏదో అదనంగా ఇస్తున్నట్టు. జనరల్, సిస్టమ్, ఎడిషనల్ సెట్టింగ్స్ దారిలో దొరుకుతుంది. ఆఫ్ చేయండి. ఆ చుట్టుపక్కలే హోమ్ ప్రమోషన్ అని ఉంటుంది. టీవీ పెట్టగానే మొదటి తెర మీద కనిపించే ప్రకటనలు దానివే, అదీ ఆఫ్ చేయండి. తర్వాత యూజర్ అగ్రిమెంట్స్‌లోకి వెళ్ళి వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్‌కి, ఆసక్తుల ప్రకటనలకి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకోండి. మొదటి రోజు అగ్రీ ఆల్ కొట్టాం కాబట్టి అన్నిటికీ టిక్కులుంటాయి. టీవీ నడవడానికి తప్పనిసరి అయినవి ఉంచి మిగతావి తీసేయవచ్చు. టీవీ ఆగిపోదు, భయపడకండి.

సోనీలో, మరికొన్ని టీవీల్లో సాంబా ఇంటరాక్టివ్ టీవీ అని కనిపిస్తే దాన్ని డిసేబుల్ చేయండి. కనిపించకపోతే దాటి వెళ్ళండి.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ అనేవి టీవీని నడిపించే సాఫ్ట్‌వేర్లు, చాలా కంపెనీల టీవీల్లో ఉంటాయి. మన ఊళ్ళో ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే. సెట్టింగ్స్, ప్రైవసీ, యాడ్స్ లోకి వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. యూసేజ్ అండ్ డయాగ్నస్టిక్స్ ఆఫ్ చేయండి. గూగుల్ టీవీలో అకౌంట్ పేరు కింద యాప్స్ ఓన్లీ మోడ్ అని ఒకటుంది. అది పెడితే మొదటి తెర మీద సినిమాల సిఫారసుల గోల చాలావరకు పోయి యాప్‌లు మిగులుతాయి. మాటతో వెతకడం కూడా పోతుంది. అది కావాలనుకునేవాళ్ళు ఆ మోడ్ పెట్టకండి. కళ్ళు సరిగా ఆనని పెద్దలకు మైకు బటన్ నిజంగా ఉపకారమే.

అమెజాన్ వాళ్ళ ఫైర్ టీవీలో ప్రిఫరెన్సెస్, ప్రైవసీ సెట్టింగ్స్. అక్కడ డివైస్ యూసేజ్ డేటా, యాప్‌ల వాడకం వివరాలు, ఇంటరెస్ట్ బేస్డ్ యాడ్స్ మూడూ ఆఫ్ చేయండి. ప్రిఫరెన్సెస్‌లోనే ఫీచర్డ్ కంటెంట్ అని ఉంటుంది. అందులో వీడియో ఆటోప్లే, ఆడియో ఆటోప్లే ఆపేస్తే, టీవీ పెట్టగానే దానంతటది అరవడం మానుతుంది.

ఒక జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక మళ్ళీ ఒకసారి చూసుకోండి. అప్‌డేట్ తర్వాత కొత్త షరతుల తెర వస్తే పిల్లలు అగ్రీ కొట్టేస్తారు. మా మనవడు కొట్టేశాడు, మళ్ళీ మొదటి నుంచి చేసుకొచ్చాను.

ఇంకొక మెట్టు పైకి వెళ్ళాలనుకునేవాళ్ళకి డీఎన్‌ఎస్ మార్చడం. టీవీ ఇంటర్నెట్‌లో ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు చిరునామా అడగాలి. ఆ చిరునామా చెప్పేదాన్నే డీఎన్‌ఎస్ అంటారు. ఆ చిరునామాలు చెప్పేవాడిని మార్చేస్తాం. ప్రకటనల సర్వర్ల చిరునామా అడిగితే "అలాంటివాళ్ళు లేరు" అని చెప్పేవాడిని పెట్టుకుంటాం. మా ఇంట్లో పై-హోల్ చేసే పని అదే. ఆ బుల్లి కంప్యూటర్ కొనకుండానే ఆడ్‌గార్డ్ వాళ్ళ ఉచిత డీఎన్‌ఎస్ వాడుకోవచ్చు. రాసుకోండి: 94.140.14.14, రెండోది 94.140.15.15. టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ మాన్యువల్ అని పెట్టి ఇవి కొట్టాలి. రౌటర్‌లో కొడితే ఇంట్లో అన్నిటికీ వర్తిస్తుంది. ఏదైనా యాప్ మొరాయిస్తే మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చేయండి, చెడిపోయేదేమీ లేదు. కొన్ని పరికరాలు తమ చిరునామా పుస్తకం తామే లోపల పెట్టుకుని వస్తాయి. వాటి దగ్గర ఈ ఎత్తు పారదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఇవన్నీ చేస్తే యూట్యూబ్‌లో ప్రకటనలు ఆగుతాయా?)

ఆగవు. వీడియో వచ్చే గడప నుంచే ప్రకటనా వస్తుంది. గడప మూస్తే రెండూ రావు. నెలకి చందా కట్టడమే దానికి దారి. క్రికెట్ మధ్యలో వచ్చే ప్రకటనలు కూడా ఈ సెట్టింగులతో ఆగవు. మీ గూగుల్ అకౌంట్‌లో వ్యక్తిగత ప్రకటనలు ఆపుకుంటే, మిమ్మల్ని చూసి ఎంచిన ప్రకటన బదులు మామూలు ప్రకటన వస్తుంది. యూట్యూబ్ హిస్టరీ కూడా ఆపుకోవచ్చు.

(సభలోంచి ఒక మహిళ: మనం మాట్లాడుకునేవి టీవీ వింటుందా అండీ?)

మంచి ప్రశ్న అమ్మా. 2015లో శామ్‌సంగ్ నిబంధనల్లో ఒక వాక్యం దొరికి పెద్ద గొడవైంది. వాయిస్ సదుపాయం వాడుతున్నప్పుడు మీరు మాట్లాడినదాంట్లో సొంత సంగతులుంటే అవీ బయటి సంస్థకి వెళ్ళవచ్చని అందులో ఉంది. రిమోట్‌లో మైకు బటన్ నొక్కి మాట్లాడేవాటికి భయం తక్కువ, నొక్కినప్పుడే తీసుకుంటుంది. రిమోట్ లేకుండా పిలిస్తే పలికే టీవీలున్నాయి. పిలుపు కోసం వాటి మైకు ఎప్పుడూ తెరిచి ఉంటుంది. అలాంటి చాలా టీవీలకు కింద అంచున చిన్న మైకు స్విచ్ ఉంటుంది, చేత్తో తడిమితే దొరుకుతుంది. అవసరం లేనప్పుడు అటు జరపండి.

(సభలోంచి: అసలు టీవీకి నెట్టే ఇవ్వకపోతే?)

అన్నిటికన్నా గట్టి పని అది. వైఫై పేరు మీద నొక్కి ఫర్గెట్ కొట్టేయండి. కేబులు, డిష్షు, పెన్‌డ్రైవ్ సినిమాలు మామూలుగానే వస్తాయి. గూగుల్ టీవీ కొత్తగా కొన్నవాళ్ళకు మొదటి రోజే బేసిక్ టీవీ అని అడుగుతుంది, అది ఎంచుకుంటే నెట్ లేకుండానే మొదలవుతుంది. యూట్యూబ్ కావాలంటే వేరే స్టిక్కో బాక్సో తగిలించుకోండి. దానికీ చూపు ఉంటుంది, కానీ సెట్టింగులు సరిచేయాల్సింది ఆ ఒక్కదానికే. మా అమ్మ చూసే టీవీకి నేను చేసింది ఇదే. నెట్ తీసేశాను. రాత్రి ఆవిడ లేచిన చప్పుడైతే ఇప్పుడు నేనే లేచి కాసేపు పక్కన కూర్చుంటున్నాను.

(సభలోంచి ఒక పెద్దాయన: మా పాత స్మార్ట్ టీవీ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తున్నాం. దాంతో ఏమైనా ఇబ్బందా?)

అడిగి మంచిపని చేశారు మాస్టారూ. అందులో మీ జీమెయిలు, యాప్‌ల లాగిన్లు, వైఫై పాస్‌వర్డు అన్నీ అలాగే ఉంటాయి. ఇంకొకరి ఇంట్లో ఆ టీవీ మీ పేరుతోనే నడుస్తుంది. వాళ్ళు చూసిందంతా మీ ఖాతాలో పడుతుంది. సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ ఉంటుంది, కొన్ని టీవీల్లో పిన్ను అడుగుతుంది. మీరు మార్చి ఉండకపోతే కంపెనీ పెట్టినదే ఉంటుంది, మాన్యువల్‌లో దొరుకుతుంది. రీసెట్ అయ్యాక మొదటి రోజు వచ్చిన భాష ఎంచుకునే తెర మళ్ళీ రావాలి. అది కళ్ళారా చూశాకే ప్లగ్గు పీకి, టీవీని ఆటో ఎక్కించండి.